దక్షిణాది దయ్యాలు అడిగే భూమి లెక్క

అట్లాంటా చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళకి లేక్ లేనియర్ కొత్త కాదు. ఎండాకాలం వచ్చిందంటే బోటింగులు, పుట్టినరోజు పార్టీలు, ఒడ్డున బార్బెక్యూ పొగలు. అమెరికాలో దయ్యాలున్న చోట్ల గురించి ఎవరు రాసినా ముందు వరసలో వచ్చే పేర్లలో కూడా ఇదొకటి. 1958లో ఇద్దరు స్నేహితురాళ్ళు రాత్రి డాన్స్ హాల్ నుంచి తిరిగొస్తూ కారుతో సహా వంతెన మీంచి ఈ నీళ్ళలో పడిపోయారు. ఏడాది గడిచాక ఒకామె శవం తేలింది. దానికి చేతులు లేవు. రెండో ఆమె ఎముకలు 1990లో, కొత్త వంతెన పనులు జరుగుతున్నప్పుడు, అదే కారులో దొరికాయి. నీలం గౌను వేసుకున్న ఒకామె వంతెన మీద తిరుగుతుంటుందనీ, ఆమెకి చేతులుండవనీ స్థానికులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

సస్పెన్స్ నవల రాసేవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది. ఇద్దరు స్నేహితురాళ్ళు, ఒకామె దొరికింది, రెండో ఆమె ముప్ఫై ఏళ్ళకి పైగా నీటి అడుగున ఉండిపోయింది. కానీ అమెరికా దక్షిణాది కథల సంప్రదాయం తెలిసిన రచయిత ఇక్కడితో ఆగడు. ఆ కారు ఆగిన నేల ఎవరిది అని అడుగుతాడు. సదరన్ గాథిక్ అని పిలిచే ఈ సాహిత్యాన్ని మామూలు దయ్యం కథల నుంచి వేరు చేసేది ఆ ఒక్క ప్రశ్నే. ఇంగ్లండు దయ్యం సాధారణంగా పాత కోటలో, పాత మేడలో ఉంటుంది. దక్షిణాది దయ్యం పొలం గట్టు మీద నిలబడి, హక్కు పత్రం చూపించమంటుంది.

లేనియర్ అడుగున, ఒడ్డున ఉన్న ఆ హక్కు పత్రాల కథ కొంచెం వివరంగా చూడాల్సిందే. సరస్సుకి పడమటి ఒడ్డున ఫోర్‌సైత్ కౌంటీ ఉంది. కమింగ్ ఊరు దాని ముఖ్యపట్టణం. ఆ నేల మొదట చెరోకీ అనే స్థానిక తెగవాళ్ళది. 1832లో జార్జియా ప్రభుత్వం దాన్ని లాటరీ తీసి తెల్లవాళ్ళకి పంచింది. బంగారం దొరకొచ్చని అనుకున్న చోట్లని నలభై ఎకరాల ముక్కలుగా కోసి చీటీలు తీశారు. చీటీ తగిలినవాడు వచ్చేసరికి ఆ ముక్కలో చెరోకీ కుటుంబం ఇల్లు కట్టుకుని, మొక్కజొన్న వేసుకుని ఉండేది. 1838లో సైన్యం దిగి ఆ కుటుంబాలని పడమటికి తోలేసింది. అక్కడి మొదటి దస్తావేజే లాటరీ టికెట్టు అన్నమాట.

బానిసత్వం పోయాక అదే కౌంటీలో నల్లజాతి కుటుంబాలు కూలీలుగా, కౌలుదార్లుగా కుదురుకున్నాయి, కొందరు సొంత భూమి కూడా కొనుక్కున్నారు. 1910 జనాభా లెక్కల నాటికి ఫోర్‌సైత్‌లో 1,098 మంది నల్లవాళ్ళు ఉండేవాళ్ళు. 1912 సెప్టెంబరులో ఒక తెల్ల యువతి మీద దాడి జరిగి ఆమె చనిపోయింది. అనుమానంతో పట్టుకున్న ఒక నల్ల యువకుణ్ణి మూక జైల్లోంచి లాక్కొచ్చి చంపి ఊరి మధ్య వేలాడదీసింది. ఇద్దరు టీనేజీ కుర్రాళ్ళకి కోర్టు హడావిడిగా విచారణ జరిపి ఉరిశిక్ష వేసింది. ఆ తర్వాత రాత్రిపూట గుర్రాల మీద తిరిగే ముఠాలు ఇళ్ళ మీద కాల్పులు జరిపి, చర్చిలు తగలబెట్టి, కొన్ని వారాల్లో దాదాపు అందరినీ కౌంటీ దాటించాయి. తర్వాత డెబ్భై ఏళ్ళకి పైగా ఫోర్‌సైత్ అంటే నల్లవాళ్ళు అడుగుపెట్టకూడని చోటు. 1987 జనవరిలో పౌరహక్కుల నాయకుడు హోసియా విలియమ్స్ అక్కడ ఊరేగింపు తీస్తే రాళ్ళు పడ్డాయి. వారం తిరక్కుండా సుమారు ఇరవై వేలమంది మళ్ళీ కదం తొక్కారు.

భూమి సంగతి ఏమైంది? ప్రాణభయంతో పారిపోయినవాడు భూమిని మూట కట్టుకుని పోలేడు కదా. కొందరు వచ్చినకాడికి అమ్ముకున్నారు. అమ్ముకోవడానికి కూడా వెనక్కి రాలేకపోయినవాళ్ళ పొలాల్ని పక్కవాళ్ళు దున్నుకున్నారు, పన్ను కట్టుకున్నారు. ఏదో ఒక కాగితం చేతిలో పెట్టుకుని ఏడేళ్ళు అనుభవంలో ఉంటే చాలు, అలాంటి భూమి తనదేనని అనడానికి జార్జియా చట్టంలో దారి ఉంది. కాగితం లేకపోతే ఇరవై ఏళ్ళు. ఇక్కడ దొంగతనం ఒక రాత్రిలో జరగలేదు. ఏటా పన్ను రసీదుతో, కౌంటీ ఆఫీసు ముద్రతో, పట్టపగలే జరిగింది.

ఇక సరస్సు. చట్టాహూచీ నది మీద బ్యూఫర్డ్ డ్యామ్ పని 1950లో మొదలైంది. ఆ దశాబ్దం రెండో సగంలో నీళ్ళు నిండాయి. వందల కుటుంబాలు ఖాళీ చేశాయి, తెలిసిన శ్మశానాలని తరలించారు. ఇంటర్నెట్‌లో తిరిగే కథ మాత్రం ఇంకోలా ఉంటుంది: ఆస్కర్‌విల్ అనే నల్లవాళ్ళ ఊరిని నీళ్ళలో ముంచేశారని, ఇళ్ళూ చర్చిలూ అలాగే అడుగున నిలబడి ఉన్నాయని, వాళ్ళ ఉసురే ఈతకొచ్చినవాళ్ళని లాగేస్తోందని. ఇందులో నలభై ఏళ్ళ తేడా ఉన్న రెండు సంగతులని ఒకటిగా కలిపేశారు. నల్లవాళ్ళని వెళ్ళగొట్టింది డ్యామ్ కాదు, పొరుగువాళ్ళు. నీళ్ళొచ్చేసరికి ఆ కుటుంబాలు అక్కడ లేనే లేవు. మునకలకి కూడా ఉసురుతో పనిలేదు: ఏటా కోటి మందికి పైగా సందర్శకులు, నరక్కుండా వదిలేసిన చెట్ల మోళ్ళు, ఉన్నట్టుండి లోతు, పడవలో మందు.

ఇక్కడే ఈ తరహా నవలల్లో మంచిదేదో, చెడ్డదేదో తేలిపోతుంది. ముంచేసిన ఊరు కథ వినడానికి హాయిగా ఉంటుంది, ఎందుకంటే తప్పంతా నీళ్ళ మీదికి, ప్రభుత్వం మీదికి పోతుంది. తాత పన్ను కట్టి సంపాదించిన ముప్ఫై ఎకరాల సంగతి ఎవరూ ఎత్తక్కర్లేదు. దయ్యాన్ని చరిత్రని కప్పెట్టడానికి వాడుకోవడం అంటే ఇదే. సత్తా ఉన్న రచయిత దయ్యాన్ని అవతలి వైపు నుంచి తెస్తాడు. భయం పుట్టాల్సింది సరస్సులోంచి వచ్చే చెయ్యి దగ్గర కాదు, కౌంటీ ఆఫీసులో రిజిస్టరు తిరగేస్తుంటే కనిపించే ఇంటిపేరు దగ్గర.

నిజానికి ఈ కథల్లో సస్పెన్స్ నడిచేది కాగితాల మీదే. డిటెక్టివ్ నవలలో ప్రశ్న ఎవరు చేశారు అని. ఇక్కడ చేసిందెవరో ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరెవరికి తెలిసి నోరు మూసుకున్నారన్నదే ప్రశ్న. ఆ జాడ కోసం పాత్రలు కుటుంబం బైబిల్ మొదటి పేజీల్లో రాసుకున్న పుట్టుకలూ చావులూ వెతుకుతారు, చర్చి రిజిస్టర్లు తీస్తారు, కోర్టు భవనంలో అమ్మినవాళ్ళ పేర్లకి ఒక సూచిక, కొన్నవాళ్ళ పేర్లకి ఇంకొక సూచిక ముందు పెట్టుకుని ఒక్కో చేతి మార్పిడీ వెనక్కి నడుస్తారు. ఊళ్ళో స్థలం కొనేముందు లింక్ డాక్యుమెంట్లు, ఈసీ తీయించి ఎక్కడ తెగిందో చూసుకునే మనవాళ్ళకి ఆ పని, ఆ టెన్షన్ రెండూ తెలిసినవే.

ఆ నడక ఒకచోట గోడకి తగులుతుంది. 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసల కోసం విడిగా ఒక పట్టిక ఉండేది. అందులో యజమాని పేరు ఉంటుంది. దాని కింద వరసగా వయసు, ఆడా మగా, ఒంటి రంగు. పేర్లు ఉండవు. నలభై ఏళ్ళ ఆడమనిషి, నల్లరంగు. ఆరేళ్ళ మగపిల్లాడు, చామనఛాయ. వాళ్ళ పేర్లు మామూలు జనాభా లెక్కల్లోకి ఎక్కింది 1870లో. అంతకుముందు తరం వాళ్ళని వంశవృక్షంలో వెతికే ఆఫ్రికన్ అమెరికన్లు సాధారణంగా ఆగిపోయేది అక్కడే. దక్షిణాది కథల్లో తరచూ పేరు లేని దయ్యాలు ఎందుకు కనిపిస్తాయో ఆ పట్టిక ఒక్కటి చూస్తే అర్థమవుతుంది. ఎవరు నువ్వు అని అడిగితే చెప్పలేని దయ్యం, చూడ్డానికి వయసు మాత్రం తెలిసే దయ్యం, రచయిత ఊహలోంచి ఊడిపడలేదు. ప్రభుత్వం వాళ్ళని అలాగే నమోదు చేసింది.

సముద్ర తీరం వైపు, సౌత్ కరొలైనా, జార్జియా దీవుల్లో, ఈ భూమి కథకి ఇంకో రూపం ఉంది. 1865 జనవరి 16న, అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యాన్ని నడిపిన జనరల్ షెర్మన్ ఒక సైనిక ఉత్తర్వు ఇచ్చాడు. చార్ల్‌స్టన్ నుంచి ఫ్లోరిడాలోని సెయింట్ జాన్స్ నది దాకా తీరభూమిని విముక్తులైన కుటుంబాలకి నలభై ఎకరాల లెక్కన కేటాయించమని. వేలమంది దిగి నాట్లు వేసుకున్నారు. ఆ ఏడాది తిరక్కుండానే అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఆ భూమిని పాత యజమానులకి తిరిగిచ్చేశాడు. అయినా కొన్ని దీవుల్లో నల్లవాళ్ళు డబ్బు పెట్టి కొనుక్కున్న భూములు మిగిలాయి. గల్లా గీచీ అనే సముదాయం, దాని సొంత యాస, వంట, దయ్యాలు అక్కడే పెరిగాయి.

ఆ దయ్యాలని హెయింట్‌లు అంటారు. వాటిని ఆపడానికి వరండా పైకప్పుకి లేత నీలం రంగు వేస్తారు. నీళ్ళనుకుని దాటలేవని ఒకరంటారు, ఆకాశమనుకుని పైకి పోతాయని ఇంకొకరంటారు. పెరట్లో చెట్టు కొమ్మలకి ఖాళీ సీసాలు బోర్లిస్తారు, ఆత్మలు వాటిలోకి దూరి చిక్కుకుంటాయని. అన్నిటికంటే గొప్పది బూ హ్యాగ్. రాత్రి తన చర్మం విప్పి పక్కన పెట్టి, తాళం రంధ్రంలోంచి దూరి, నిద్రపోయేవాళ్ళ గుండెల మీద కూర్చుని ఊపిరి పీల్చేస్తుంది. గుమ్మం పక్కన చీపురు పెడితే చాలు. దానికి ఒక రోగం, చీపురు పుల్లలు ఒక్కొక్కటీ లెక్కపెట్టకుండా ముందుకి పోలేదు. లెక్క పూర్తయ్యేలోపు తెల్లారిపోతుంది, చర్మం వేసుకోవడానికి టైమ్ ఉండదు.

ఇంత చక్కటి సరుకుని ఎన్నో నవలలు అలంకారంగా వాడి పారేస్తాయి. నీలం వరండా, నాలుగు సీసాలు, చెట్లకి వేలాడే నాచు, ఒక మూలికల ముసలమ్మ. రిసార్టు గోడ మీద బొమ్మలాగా ఉంటుంది అంతా. అసలు ఆ ఇంటివాళ్ళు కాపాడుకుంటున్నది దేన్ని, ఎవరి నుంచి అనేది రాయకపోతే నీలం రంగు వట్టి రంగే.

ఎవరి నుంచి అన్నదానికి జవాబు చాలాసార్లు ఒక లాయరు. మొదటితరం భూయజమానుల్లో చాలామంది వీలునామా రాయలేదు. తెల్లవాళ్ళ కోర్టు మీద నమ్మకం లేదు, తమ పని పట్టించుకునే ప్లీడర్లు లేరు. వీలునామా లేకుండా పోతే భూమి వారసులందరికీ ఉమ్మడిగా వస్తుంది. రెండు మూడు తరాలయ్యేసరికి పన్నెండెకరాలకి అరవైమంది వాటాదార్లు, సగంమంది ఉత్తరాది నగరాల్లో. వాళ్ళలో ఎప్పుడూ ఆ నేల చూడనివాడు ఒకడు తన వాటా బయటివాడికి అమ్మితే, ఆ కొన్నవాడు పంపకాల దావా వేయొచ్చు. ఇన్ని ముక్కలు చేయడం కుదరదని కోర్టు మొత్తం వేలానికి పెట్టేది. రొక్కం సిద్ధంగా ఉన్నవాడు ఒక్కడే, దావా వేసినవాడు. హిల్టన్ హెడ్ దీవికి 1956లో వంతెన పడ్డాక తీరం ధరలు పెరిగి, ఈ పద్ధతికి గిరాకీ పెరిగింది. అక్కడ ఒక పాత గల్లా శ్మశానం ఇప్పుడు గేటు లోపలి రిసార్టులో, అపార్ట్‌మెంట్లకీ గోల్ఫ్ కోర్సుకీ మధ్య ఉంది. తాతల సమాధి చూడాలంటే ముందు గేటు దగ్గర ఆగాలి.

ఈ వేలాల పద్ధతిని అడ్డుకోవడానికి 2010లో ఒక నమూనా చట్టం తయారైంది. జార్జియా 2012లో, సౌత్ కరొలైనా 2016లో తెచ్చుకున్నాయి. వేలానికి ముందు విలువ కట్టించాలి, మిగతా వాటాదార్లకి ఆ వాటా కొనుక్కునే మొదటి అవకాశం ఇవ్వాలి. ఇది నవలల్లోకి ఇంకా పెద్దగా రాలేదు గానీ, రావాల్సిన విషయం. ఒక వాటా కాగితం కోసం అరవైమంది బంధువులని వెతుక్కుంటూ తిరిగే కథకంటే మంచి సస్పెన్స్ ఏముంటుంది?

ఇంతకీ ఇలాంటి కథల్లో స్నేహం ఎందుకు అంత ముఖ్యం? కుటుంబం చాలదా? చాలదు. కుటుంబంలో అందరూ వాటాదార్లే. అడిగితే తన వాటాకే ఎసరు అని ప్రతివాడికీ తెలుసు, కాబట్టి ఎవరూ అడగరు. స్నేహితుడికి ఆ వరసలో చోటు లేదు. ఇంట్లో తిన్నాడు, పెరట్లో ఆడుకున్నాడు, కానీ వారసుడు కాడు. పైగా దక్షిణాదిలో తెల్ల పిల్లా నల్ల పిల్లా కలిసి పెరిగారంటే, ఒకే దస్తావేజులో ఇద్దరి తాతలూ అటూ ఇటూ ఉండే అవకాశం ఎక్కువ. అది బయటపడే రోజున ఆ స్నేహం ఏమవుతుందన్నది ఏ దయ్యం కంటే కూడా ఎక్కువ గుబులు పుట్టించే ప్రశ్న. మామూలుగా ఈ నవలలు చిన్నప్పటి స్నేహితురాళ్ళని పెద్దయ్యాక ఎవరి చావుకో మళ్ళీ కలుపుతాయి. ఆ ఏర్పాటు అరిగిపోయిందే, కానీ పనిచేస్తుంది, చావు తర్వాతే కదా ఆస్తి కాగితాలు బయటికొచ్చేది.

భూమే లేనివాళ్ళ దయ్యం వేరేగా ఉంటుంది. నల్లజాతి రచయిత్రి టోనీ మారిసన్ 1987 నవల బిలవెడ్‌లో చనిపోయిన బిడ్డ ఆత్మ తల్లి బానిసగా ఉన్న కెంటకీ పొలంలో లేదు. ఒహాయోలో వాళ్ళుంటున్న, వాళ్ళది కాని ఇంటికి వచ్చి తల్లినే పట్టుకుంది. అంటిపెట్టుకోవడానికి సొంత నేల లేకపోతే మనిషే మిగులుతుంది. జెస్మిన్ వార్డ్ 2017లో రాసిన సింగ్, అన్‌బరీడ్, సింగ్‌లో మిసిసిపీలోని పార్చ్‌మన్ జైలు పొలం నుంచి ఒక కుర్రాడి ఆత్మ వెంటబడి వస్తుంది. ఆ జైలు ఒకప్పటి తోట భూమి మీద కట్టింది, వేల ఎకరాలు, ఖైదీలతో పత్తి సాగు. ఆ కుర్రాడికి పగ లేదు. తను ఎలా చనిపోయాడో తెలియక ఇంటికి వెళ్ళలేకపోతున్నాడు, అంతే. చెప్పగలిగినవాడు అప్పట్లో జైల్లో తనని చేరదీసిన, ఇప్పుడు ముసలివాడైన తోటి ఖైదీ ఒక్కడే. ఇక్కడ స్నేహితుడే సాక్షి, చేసిన పని చెప్పుకోవాల్సినవాడూ అతనే. అందుకే ఆ నవలలో భయం కంటే బెంగ ఎక్కువ.

ఈ తరహా మొత్తానికీ మూలస్తంభం అనదగ్గది మిసిసిపీ రచయిత విలియం ఫాక్‌నర్ 1936లో రాసిన అబ్‌సలమ్, అబ్‌సలమ్. అందులో అచ్చమైన దయ్యం కనిపించదు, కానీ మాట్లాడే ప్రతివాళ్ళూ దయ్యాలతో మాట్లాడుతున్నట్టే ఉంటుంది. సట్‌పెన్ అనేవాడు 1833లో మిసిసిపీలో దిగి, చికసా తెగ నాయకుడి నుంచి వంద చదరపు మైళ్ళు చేజిక్కించుకుని, బానిసలతో మేడ కట్టిస్తాడు. అతని కొడుకు హెన్రీకి యూనివర్సిటీలో చార్ల్స్ బాన్ ప్రాణస్నేహితుడు. బాన్ హెన్రీకి సవతి అన్న అని, అతనిలో నల్ల రక్తం ఉందని కథ తవ్వుతున్న కొద్దీ తెలుస్తుంది. స్నేహితుడుగా ఇంటికొచ్చినవాడు వారసుడుగా తేలడం అన్నమాట. హెన్రీ అతన్ని ఇంటి గేటు దగ్గర కాల్చేస్తాడు.

ఈ కథ రెండో సగాన్ని మనకి చెప్పేది కూడా ఇద్దరు స్నేహితులే, 1910లో హార్వర్డ్ హాస్టల్ గదిలో, చలికి వణుకుతూ. క్వెంటిన్ దక్షిణాది వాడు, ష్రీవ్ కెనడా వాడు. క్వెంటిన్‌కి అన్నీ తెలుసు, చెప్పలేడు. ష్రీవ్‌కి ఏమీ తెలియదు, వదలడు. బయటివాడు అడక్కపోతే ఆ నవలే లేదు.

ఇలాంటి నవలల్లో చాలావరకు ముగింపు దగ్గర చతికిలబడతాయి. ఒక పూజలాంటిది చేస్తారు, పాత మేడ తగలబడుతుంది, స్నేహితురాళ్ళు కౌగిలించుకుంటారు, దయ్యం శాంతిస్తుంది. భూమి ఎవరికి పోయిందో మాత్రం ఎవరూ చెప్పరు. మేడ కాలినా నేల కాలదు కదా, దాని మార్కెట్ విలువ కూడా తగ్గదు.

ఫాక్‌నర్ కూడా మేడ తగలబెట్టాడు. కానీ ఆ తర్వాత ష్రీవ్ చేత లెక్క చేయించాడు. ఎవరు పోతే ఎవరికి చెల్లు అయ్యిందో ఒక్కొక్కరినీ ఎంచి, ఖాతా తేలిపోయింది, పేజీలు చింపి కాల్చేయొచ్చు, ఒక్కటి తప్ప అంటాడు ష్రీవ్. ఆ ఒక్కటి జిమ్ బాండ్. చార్ల్స్ బాన్ మనవడు, నల్లవాడు, మతి సరిగా లేనివాడు, ఆ బూడిద చుట్టూ అరుస్తూ తిరిగేవాడు. సట్‌పెన్ వంశంలో ప్రాణాలతో మిగిలింది అతనొక్కడే, అంటే ఆ వంద మైళ్ళకీ రక్తం ప్రకారం వారసుడు. అప్పటి మిసిసిపీలో ఏ కోర్టూ అతన్ని వారసుడిగా చూడదు. అదంతా తేల్చాక ష్రీవ్ ఇంకొక్క ప్రశ్న వేస్తాడు, దక్షిణాదిని ఎందుకంత ద్వేషిస్తావని. క్వెంటిన్ వెంటనే, మరీ వెంటనే, ద్వేషించనంటాడు. ఆ తర్వాత అదే మాట తనకి తాను చెప్పుకుంటూనే ఉంటాడు.